ఎనిమిది మందిమి రాసుకోవడానికి బాలి వెళ్తున్నాం: ఇల్లు, పని గంటలు, కాగితాలు, తిండి ఎలా కుదుర్చుకోవాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. మా కథల బృందంలో ఎనిమిది మందిమి సెప్టెంబరులో బాలి వెళ్లి, ఉబుద్‌లో ఒక ఇల్లు తీసుకుని పది రోజులు రాసుకుందామనుకున్నాం. హైదరాబాద్ నుంచి ఐదుగురు, విజయవాడ నుంచి ఇద్దరు, డాలస్ నుంచి ఒకరు. 29 ఏళ్ల వాళ్ల నుంచి 68 ఏళ్ల వాళ్ల దాకా ఉన్నారు. ఇద్దరు ఇప్పటికీ చేత్తోనే రాస్తారు. ఒకరు నవల మీద ఉన్నారు, మిగతా అందరివీ కథలు. ముగ్గురు శాకాహారులు, అందులో ఒకరు గుడ్డు కూడా ముట్టరు.

ట్రావెల్స్ వాళ్ల ప్యాకేజీ వద్దనుకున్నాం. చూడాల్సిన చోట్ల జాబితా కూడా అక్కర్లేదు. తిరిగొచ్చేటప్పటికి ఒక్కొక్కరి చేతిలో ఒక పూర్తి చిత్తుప్రతి ఉండాలి, అంతే. ఎక్కడెక్కడ దెబ్బతింటామో తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రెక్కలగుర్రం:

కాగితాలు, టికెట్లు, డబ్బు సంగతి నేను చెప్తానండీ.

పాస్‌పోర్టు గడువు బాలిలో దిగే రోజుకి ఇంకా ఆరు నెలలు మిగిలి ఉండాలి. భారత పాస్‌పోర్టుకి వీసా ఆన్ అరైవల్ దొరుకుతుంది. 30 రోజులకి 5 లక్షల రుపయా (ఇండోనేషియా డబ్బు), మన లెక్కలో ఇంచుమించు 2,700 రూపాయలు. ఇమిగ్రేషన్ వాళ్ల సైటులో ముందే ఈ-వీసాగా తీసుకుంటే ఒక క్యూ తప్పుతుంది. వెతికితే ముందు వచ్చేవి చాలావరకు దళారీ సైట్లు. చిరునామా గో డాట్ ఐడీ అని ముగిస్తేనే కట్టండి. ఇది కాక బాలి ప్రభుత్వం 2024 ఫిబ్రవరి 14 నుంచి విదేశీయుల దగ్గర 1.5 లక్షల రుపయా పర్యాటక రుసుము తీసుకుంటోంది. మూడోది ఆల్ ఇండోనేషియా అనే డిక్లరేషన్. దాన్ని దిగడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపితే క్యూఆర్ కోడ్ వస్తుంది, దానికి డబ్బు లేదు. ఈ మూడూ వేర్వేరు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకుని కౌంటర్ దగ్గర ఆగిపోయేవాళ్లే ఎక్కువ. మూడింటి ప్రింట్లూ, తిరుగు టికెట్టూ ఎవరివి వాళ్ల సంచిలోనే ఉండాలి. గ్రూపు లీడర్ ఫోన్లో ఉన్నాయంటే కుదరదు, ఎందుకంటే ఇమిగ్రేషన్ దగ్గర ఒక్కొక్కరూ ఒక్కో వరుసలో పడతారు.

పేర్ల దగ్గర జాగ్రత్త. మనవాళ్లలో కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరూ పేరూ కలిసి గివెన్ నేమ్‌లోనే ఉంటాయి. ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలుంటాయి కదా, వీసాలోనూ టికెట్లోనూ అక్షరం పొల్లుపోకుండా అదే రావాలి. సర్‌నేమ్ లేనివాళ్లకి ఆ గడిలో ఏం పెట్టాలన్నది ఒక్కో ఎయిర్‌లైన్‌కి ఒక్కో పద్ధతి, కొనే ముందే వాళ్లని అడగండి. పదో తరగతి కాగితం లేనివాళ్లుంటే పాస్‌పోర్టు ఈసీఆర్ రకం, అంటే కొన్ని దేశాలకి ఉద్యోగానికి వెళ్లాలంటే ముందు అనుమతి తీసుకోవాల్సిన రకం, కావచ్చు. ఇండోనేషియా ఆ దేశాల జాబితాలో ఉంది. పర్యటనకి వెళ్లడానికి అడ్డేమీ లేదు, కానీ మన విమానాశ్రయంలో ప్రశ్నలు రావచ్చు కాబట్టి తిరుగు టికెట్, ఇంటి బుకింగ్ చేతిలో ఉండాలి.

డాలస్ వారు హెచ్1బీ మీద ఉంటే ముందు పాస్‌పోర్టులో స్టాంపింగ్ తేదీ చూసుకోమనండి. ఐ-797 (అమెరికా ఇచ్చే హెచ్1బీ ఆమోద పత్రం) గడువు ఉన్నా, స్టాంపు గడువు దాటితే బాలి నుంచి అమెరికా విమానం ఎక్కనివ్వరు.

టికెట్లు వెతికేటప్పుడు ఎనిమిది సీట్లు ఒకేసారి కొట్టకండి. తక్కువ ధర సీట్లు మూడే మిగిలి ఉంటే ఎనిమిదింటికీ పై ధరే చూపిస్తుంది. ముందు ఒకటి, తర్వాత రెండు, నాలుగు కొట్టి చూస్తే ఎక్కడ పెరుగుతోందో తెలిసిపోతుంది. బెంగళూరు నుంచి నేరుగా ఇండిగో ఉంది. సింగపూర్ మీదుగా వెళ్తే రెండు విమానాలూ ఒకే బుకింగ్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే సామాను తీసుకోవడానికి ఇమిగ్రేషన్ దాటాలి, దానికి సింగపూర్ వీసా కావాలి.

డబ్బు విషయానికొస్తే, ఎవరైనా ఏజెంటు విమానం, ఇల్లు కలిపి ఇస్తానన్నాడంటే అది విదేశీ టూర్ ప్యాకేజీ కిందికి వస్తుంది, టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) పడుతుంది. అది రిటర్నులో తిరిగి సర్దుబాటవుతుంది, కానీ ఎవరి పాన్ మీద కట్టారో వాళ్లకే. ఒకరే అందరి తరఫునా కడితే ఏడుగురి సొమ్ము ఒకరి పన్ను ఖాతాలో కూర్చుంటుంది, తర్వాత పంచుకోవడం పెద్ద తలనొప్పి. ఎవరిది వాళ్లే కట్టండి. ఇంటి అడ్వాన్సు కట్టే ముందే ఒక షరతు రాసుకోండి: 45 రోజుల లోపు ఎవరైనా మానుకుంటే వాళ్ల గది వాటా తిరిగి ఇవ్వం, బదులు మనిషిని తెస్తే ఇస్తాం. ఇది మాటగా అనుకుంటే సరిపోదు, వాట్సాప్‌లో ఎనిమిది మందీ సరేనని రాయాలి.

అక్కడ కొన్ని ఏటీఎంలు ముందు నోట్లిచ్చి ఆ తర్వాత కార్డు బయటికి తోస్తాయి. నోట్లు లెక్కపెట్టుకుంటూ కార్డు వదిలేసి వచ్చేయడం చాలా మామూలు.

వరండా:

ఇల్లు వెతికేటప్పుడు ఈతకొలను ఫొటోలు పక్కన పెట్టి బల్లలు లెక్కపెట్టండి. ఉబుద్‌లో నాలుగు గదుల విల్లా అంటే నాలుగు పెద్ద మంచాలు, ఒక భోజనాల బల్ల, చుట్టూ పడుకోవడానికి దివాన్లు. రాసుకునే బల్ల ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. మీకు ఎనిమిది బల్లలు, వీపు ఆనుకునే కుర్చీలు ఎనిమిది కావాలి. రాసే బల్ల ఎత్తు 72 నుంచి 76 సెంటీమీటర్లు. ఫొటోలో బల్లలా కనిపించేది చాలాసార్లు 45 సెంటీమీటర్ల టీపాయ్. దాని మీద వంగి రాస్తే మూడో రోజుకి మెడ పట్టేస్తుంది. టేపు పెట్టి కొలిచిన ఫొటో పంపమని యజమానిని అడగండి. లేవంటే మడత బల్లలు అద్దెకి తెప్పించి పెడతారా అని అడగండి, బుకింగ్‌కి ముందే. దిగాక అడిగితే దొరకడానికి రెండు రోజులు పడుతుంది.

అక్కడి హాళ్లకి చాలావాటికి గోడలుండవు. ఫొటోలో ఎంత బాగున్నా, సాయంత్రం ఆరయ్యేసరికి దోమలు, దీపం చుట్టూ పురుగులు, వాన జల్లు, తేమకి మెత్తబడే కాగితాలు. కనీసం ఒక పెద్ద గదికి నాలుగు గోడలూ తలుపూ ఉండాలి. అందరూ కలిసి చదువుకునేది ఆ గదిలోనే.

కరెంటు గురించి ఎవరూ అడగరు కానీ అడగాలి. అక్కడ ఒక్కో ఇంటికి ఇంత అని పరిమితి ఉంటుంది: 1,300, 2,200, 3,500, 5,500 వోల్ట్ ఆంపియర్లు (ఇంచుమించు వాట్లనుకోండి), ఇలా. నాలుగు ఏసీలు నడుస్తుండగా నీళ్ల కెటిల్, రైస్ కుక్కర్ ఒకేసారి పెడితే మీటరు దగ్గర బ్రేకర్ పడిపోతుంది. 3,500 ఉంటే జాగ్రత్తగా వాడుకోవాలి, 5,500 ఉంటే చాలావరకు నిశ్చింత. బ్రేకర్ ఎక్కడుందో మొదటి రోజే చూపించుకోండి, చీకట్లో వెతుక్కోవద్దు. సాకెట్లు గుండ్రటి రెండు కాళ్లవి. మన ఫోన్ ఛార్జర్లు దూరతాయి కానీ వదులుగా ఉంటాయి. మూడు కాళ్ల ల్యాప్‌టాప్ ప్లగ్గు దూరదు. ఒక్కో గదికి ఒక అడాప్టరూ, ఇక్కడి నుంచి తెచ్చుకున్న ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డూ ఉంటే చాలు.

68 ఏళ్ల వారున్నారన్నారు కాబట్టి కారు గుమ్మం దాకా వస్తుందా లేదా అన్నది మొదటి ప్రశ్న కావాలి. వరిచేల మధ్య ఇళ్లు అనేకం గట్టు మీద పది నిమిషాలు నడిస్తే గానీ రావు, బైకు తప్ప ఇంకేదీ వెళ్లదు. పెనెస్తానన్ వైపు ఇళ్లు ప్రశాంతంగా ఉంటాయి కానీ కాంపువాన్ రోడ్డు నుంచి వెళ్లాలంటే బోలెడు మెట్లు. కోతుల అడవికి దక్షిణాన ఉన్న న్యూహ్ కునింగ్ మీ బృందానికి బాగా నప్పుతుంది. ఊరి మధ్య ఇళ్లే అయినా గోల తక్కువ, సాయంత్రం నడవడానికి బాగుంటుంది. కోతుల దగ్గర కళ్లద్దాలు, ఫోన్లు చేతిలో పెట్టుకుని నడవకండి, లాక్కుపోతాయి. ఏ ఇల్లయినా సరే, పక్కన కట్టడం పని జరుగుతోందా అని రాతపూర్వకంగా అడగండి. కోళ్ల కూతకి రెండు రోజుల్లో అలవాటు పడతారు, టైల్స్ కోసే మిషన్‌కి పడరు. గుడి పండుగలు చాలావరకు అక్కడి 210 రోజుల క్యాలెండర్ ప్రకారం వస్తాయి, ఆ రోజుల్లో గమెలాన్ అనే వాద్యబృందం మోగుతుంది, రోడ్లు ఆపుతారు. మీ తేదీల్లో ఊరి గుడి ఉత్సవం ఉందేమో యజమానే చెప్పగలరు. ఉంటే మీ సెలవు రోజు అదే పెట్టుకోండి.

ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే పన్ను, సర్వీసు కలిపి ఇంకో 21 శాతం దాకా పడుతుంది. విమానాశ్రయం నుంచి ఉబుద్ 35 కిలోమీటర్ల పైనే, సాయంత్రం పూట రెండు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఎనిమిది మందికి ఒక హైఏస్ వ్యాన్ సరిపోతుంది, ఎనిమిది పెద్ద పెట్టెలతో సహా అయితే సరిపోదు. సామానుకి ఇంకో చిన్న కారు మాట్లాడుకోండి. ఉబుద్‌లో చాలా చోట్ల స్థానిక డ్రైవర్ల సంఘాలు గ్రాబ్, గోజెక్ (మన ఓలా, ఊబర్ లాంటివి) బళ్లని ఎక్కించుకోనివ్వవు, కాబట్టి తిరుగు ప్రయాణానికి వ్యాన్ ముందే ఖాయం చేసుకోవాలి.

చిత్తుప్రతి:

పై ఇద్దరూ చెప్పినవన్నీ కుదిరినా రోజు లెక్క తప్పితే రాత సాగదు. అందుకని దాని గురించే రాస్తున్నా.

పది రోజుల్లో వచ్చే రోజు, పోయే రోజు తీసేయండి. మధ్యలో ఒకటి సెలవు. మిగిలేవి ఏడు. రోజుకి ఐదు గంటల చొప్పున 35 గంటలు. గంటకి 200 నుంచి 250 కొత్త మాటలు పడితే మంచి వేగమే. 3,000 మాటల కథకి మొదటి ప్రతి, దాన్ని మళ్లీ రాసుకోవడం ఇందులో హాయిగా పడతాయి. నవల పడదు. నవల రాస్తున్నవారు ‘పూర్తి చిత్తుప్రతి’ అన్న లక్ష్యం వదిలి, రెండు అధ్యాయాలు అనుకుంటే ఐదో రోజున నిరుత్సాహపడరు. బయల్దేరే ముందే ఎవరి లక్ష్యం వాళ్లు ఒక్క వాక్యంలో గ్రూపులో రాయాలి. కథకి కావలసిన పరిశోధన, ఇంటర్వ్యూలు ఇక్కడే ముగించుకుని రావాలి. అక్కడికొచ్చి వెతుకులాట మొదలుపెడితే ఉదయాలన్నీ దానికే పోతాయి.

బాలి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. దీన్ని వాడుకోండి. అక్కడ ఉదయం 7 నుంచి 11:30 అంటే ఇక్కడ తెల్లవారుజామున 4:30 నుంచి 9. ఇంటి నుంచి ఫోన్లు రావు, ఆఫీసు మెయిళ్లు రావు. ఈ నాలుగున్నర గంటలూ మౌనం. మాట్లాడకూడదు, వంట శబ్దం ఉండకూడదు, వైఫై ఆపేయాలి. రూటర్ ఆపే బాధ్యత ఒకరికే ఇవ్వండి. నిఘంటువుల పీడీఎఫ్‌లు ముందే దింపుకుంటే ‘ఒక్క మాట చూసుకుంటా’ అని నెట్ తెరిచే అవసరం రాదు. మిగిలిన అరగంట సాయంత్రం, చదివే ముందు పేజీలు సరిచూసుకోవడానికి. మొదటి రెండు రోజులు మాత్రం 8:30కి మొదలుపెట్టండి, ఒళ్లు ఇంకా మన టైములోనే ఉంటుంది. డాలస్ వారికి 13 గంటల తేడా, వాళ్లని మూడు రోజులు ఏమీ అడక్కండి.

సాయంత్రం చదవడం గురించి. ఒక్కొక్కరికి 12 నిమిషాలు చదవడానికి, 8 నిమిషాలు మాట్లాడటానికి ఇస్తే ఎనిమిది మందికి 160 నిమిషాలు. నాలుగో మనిషి తర్వాత ఎవరి చెవీ పనిచేయదు. అందుకని రోజుకి నలుగురే. మొదటి పని రోజు చదువు వద్దు. మిగతా ఆరు సాయంత్రాల్లో 24 చదువులు, అంటే ఒక్కొక్కరికి మూడేసి. పైకి చదివితే తెలుగు నిమిషానికి సుమారు వంద మాటలు సాగుతుంది, కాబట్టి 1,200 మాటలు మించి తేవద్దు. చదివినవారు ఆ 8 నిమిషాలూ నోరు విప్పకూడదు. వినేవాళ్లు ముందు తాము ఏం విన్నారో చెప్పాలి, తర్వాత ఎక్కడ మనసు పక్కకి పోయిందో చెప్పాలి. ‘నేనైతే ఇలా రాసేవాణ్ణి’ అన్న మాటని పూర్తిగా నిషేధించండి. రచయిత వివరణ మొదలుపెట్టారంటే చర్చ కథని వదిలి ఉద్దేశాల మీదికి పోతుంది, పేజీలో లేనిదాన్ని అందరూ ఉన్నట్టు ఒప్పేసుకుంటారు.

అక్కడి ప్రింటింగ్ షాపులో తెలుగు వర్డ్ ఫైలు ఇస్తే ఫాంటు లేక అక్షరాలు గడులుగా పడతాయి. ‘అను’ అనే పాత, యూనికోడ్ కాని ఫాంట్లలో టైపు చేసినదైతే వచ్చేది చెత్త చెత్త గుర్తులే. ఫాంట్లు కలిపిన పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి, పీడీఎఫ్‌ని వేరే ఫోన్లో తెరిచి ఒత్తులు సరిగ్గా ఉన్నాయా చూసుకోండి. చేత్తో రాసేవాళ్లు రోజూ పడుకునే ముందు పేజీలకి వరుస నంబరు వేసి, ఫొటో తీసి ఇంకొకరికి పంపాలి. తేమకి జెల్ పెన్ను సిరా పాకుతుంది, బాల్ పాయింటు మేలు. ఇంకు పెన్ను ఉంటే విమానంలో పూర్తిగా నింపో, పూర్తిగా ఖాళీ చేసో, పాళీ పైకి ఉండేలా పెట్టండి. సగం నిండిన పెన్నులోని గాలి వ్యాకోచించి సిరాని బయటికి తోస్తుంది.

చింతచిగురు:

తిండి దగ్గర శాకాహారులకి అసలు చిక్కు మాంసం కాదు, తెరాసి. అది పులియబెట్టిన రొయ్యల ముద్ద. సంబల్ అనే కారప్పచ్చళ్లలో, కూరగాయల వేపుళ్లలో కూడా ఉంటుంది, చూస్తే కనపడదు. ‘తన్‌పా తెరాసి, తన్‌పా ఇకాన్, తన్‌పా తెలూర్’ అని కాగితం మీద రాసి వంటమనిషికి ఇవ్వండి: రొయ్యల ముద్ద వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు అని. తెంపె (పులియబెట్టిన సోయా గింజల దిమ్మ), టోఫు ప్రతి పూటా దొరుకుతాయి. గదో-గదో (కూరగాయల మీద వేరుశనగ పులుసు) బాగుంటుంది, కానీ దాని వేరుశనగ పులుసులోనూ తెరాసి పడుతుంది, పైన గుడ్డూ వస్తుంది, చెప్పి చేయించుకోవాలి.

పది రోజులు బయట తింటే బల్ల దగ్గర గడపాల్సిన సమయం దారిలో పోతుంది. మధ్యాహ్న భోజనానికి వంటమనిషిని పెట్టుకోండి, రాత్రికి మీరే అన్నం వండుకోండి. మనకి కావలసినవి అక్కడి సంతలో చాలానే ఉన్నాయి: పెసలు ‘కచాంగ్ హిజావ్’ పేరుతో, చింతపండు, కొబ్బరి, పచ్చిమిరప, అల్లం, మునగాకు, పనసకాయ. మిక్సీ ఉందా అని ఇంటివాళ్లని అడగండి, ఉంటే పెసరట్టు పెద్ద పనేం కాదు. పెరుగు మాత్రం చిన్న డబ్బాల్లో, ఖరీదుగా ఉంటుంది.

ఇక్కడి నుంచి కందిపొడి, కరివేపాకు కారం, పప్పుల పొడి కంపెనీ సీలు వేసినవి తెచ్చుకోండి, ఒక్కొక్కరికి పావుకిలో చాలు. పచ్చి కరివేపాకు, పండ్లు, గింజలు మోయకండి, క్వారంటైన్ వాళ్లు తీసేసుకుంటారు. పచ్చళ్లు చెకిన్ పెట్టెలోనే పెట్టాలి, చేతి సంచిలో పెడితే భద్రతా తనిఖీలో ఆగిపోతాయి. గసగసాలు కలిసిన మసాలా పొడి ససేమిరా వద్దు. సింగపూర్‌లో గసగసాలు నిషిద్ధం, మీరు అటే వెళ్తారేమో. మందులు అసలు డబ్బాల్లో, డాక్టరు చీటీతో తీసుకెళ్లండి.

కుళాయి నీళ్లు తాగకూడదు, పళ్లు తోముకోవడానికీ వాడకపోతే మంచిది. 19 లీటర్ల క్యాన్లు ఇంటికి తెచ్చిస్తారు. మనిషికి తాగడానికి, వంటకి మూడు లీటర్లనుకున్నా మీకు రోజుకి 24 లీటర్లు, అంటే రోజుకో క్యాన్ కంటే ఎక్కువే. వెళ్లగానే మూడు తెప్పించి పెట్టండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు మనిషికి ఆరు.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. బాలిలో 2008 నుంచి రేబిస్ ఉంది. కుక్క గానీ కోతి గానీ గీరినా సరే, సబ్బుతో 15 నిమిషాలు పారే నీళ్ల కింద కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టాలి. ఇన్సూరెన్సులో ఇది ఉందో లేదో చూసుకోండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు పాలసీలో దాచకుండా రాయాలి, దాస్తే ఆసుపత్రి బిల్లు మొత్తం తిరస్కరించవచ్చు. బైకు అద్దెకి తీసుకుంటామన్న కుర్రాళ్లకి ద్విచక్ర వాహనం కలిసిన అంతర్జాతీయ పర్మిట్ లేకపోతే ఇన్సూరెన్సు వర్తించదు.

గోదారిగట్టు:

అందరికీ చాలా చాలా ధన్యవాదాలండీ. బల్లల ఫొటోలు ఇవాళే అడుగుతాను. రెండు సందేహాలు మిగిలాయి. సెప్టెంబరులో ఇద్దరికి సెలవు దొరకదేమో, అప్పుడు మార్చికి మార్చుకోవచ్చా? ఇంకొకటి, ఒక సీనియర్ కథకుణ్ణి తొమ్మిదో మనిషిగా పిలిచి, ఫీజు ఇచ్చి రోజూ గంట పాఠం చెప్పించుకుంటే, అక్కడి వాళ్లని కూడా కొందరిని చేర్చుకుంటే ఖర్చు కలిసొస్తుందని ఒకరి సలహా.

రెక్కలగుర్రం:

రెండోదానికి నా జవాబు: వద్దు. వీసా ఆన్ అరైవల్ పర్యటనకి, సమావేశాలకి. అక్కడ పని చేసి డబ్బు తీసుకోవడానికి కాదు. బాలిలో టికెట్టు పెట్టి బయటివాళ్లని చేర్చుకున్నారంటే అది తరగతి నడపడమే అవుతుంది, ఇలాంటివాటికి అక్కడ మనుషుల్ని వెనక్కి పంపేస్తున్నారు. పాఠాలు కావాలంటే వెళ్లే ముందు నెలలో ఇక్కడే, ఆన్‌లైన్లో నాలుగు ఆదివారాలు పెట్టుకుని ఫీజు ఇక్కడే ఇచ్చేయండి. ఆయన అక్కడికి వస్తే మీలో ఒకరిగా, తన కథ తను రాసుకోవడానికే రావాలి.

చిత్తుప్రతి:

మార్చి వానాకాలం చివర. ఇల్లు మూసి ఉండే రకమైతే రాతకి ఇబ్బందేమీ లేదు, కాగితాలకీ లగేజీకీ మాత్రం తేమ పడుతుంది. తేదీలు పెట్టే ముందు న్యెపి ఎప్పుడో చూసుకోండి. అది బాలి వాళ్ల శక సంవత్సరాది, అమావాస్య మర్నాడు. మన ఉగాదికి దగ్గర్లోనో అదే రోజునో పడుతుంటుంది: 2025లో న్యెపి మార్చి 29, ఉగాది 30. 2026లో రెండూ మార్చి 19నే. అధికమాసాల తేడా వల్ల కొన్నేళ్లు నెల దూరం కూడా జరుగుతుంది, అందుకని మన పంచాంగం చూసి లెక్కేయకండి. ఆ రోజు ఉదయం ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా విమానాశ్రయం మూసేస్తారు, రోడ్డు మీదికి ఎవరూ రాకూడదు, రాత్రి బయటికి వెలుతురు కనపడకూడదు, 2018 నుంచి మొబైల్ డేటా కూడా ఆపుతున్నారు. ఆ రోజున విమానం పెట్టుకుంటే గోవిందా. కానీ మూడు రోజుల ముందే చేరుకుని ఉంటే రాసేవాళ్లకి అంతకంటే మంచి రోజు దొరకదు. ముందు రోజు మధ్యాహ్నానికే అన్నం, కూరలు, మూడు నీళ్ల క్యాన్లు, మందులు ఇంట్లో పెట్టుకోండి, ల్యాప్‌టాప్‌లు ఛార్జి చేసుకోండి, కిటికీలకి మందపాటి కర్టెన్లు ఉన్న గదుల్లో బల్లలు వేయించుకోండి. ఊరేగింపుల వల్ల ఆ ముందు రోజు సాయంత్రమే రోడ్లు మూసేస్తారు, సరుకులకి ఆలస్యంగా బయల్దేరితే తిరిగి రావడం కష్టం.